ఆటకి సంజాయిషీ ఎందుకు?

గురజాలలో మ్యాచ్ అయిపోయాక జట్టంతా నరసరావుపేట బస్సెక్కాం. అప్పటికి మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆ రోజు రైట్ ఫీల్డ్‌లో ఒక క్యాచ్ వదిలేసింది. ఆ ఒక్క బంతికి ఎదుటి జట్టుకి రెండు పరుగులొచ్చాయి. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. మిగతా పిల్లలు వెనక సీట్లలో చేరి పాటలు పాడుకుంటున్నారు. నేను మాత్రం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. బంతి గాల్లోకి లేవగానే ముందు ఒకడుగు వెనక్కి వెయ్యాలనీ, రెండో చెయ్యి గ్లోవు పక్కనే ఉండాలనీ, ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాననీ... అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిడుగురాళ్ల బస్టాండులో బస్సు ఆగినప్పుడు, తల తిప్పకుండానే, "అమ్మా, ఈసారి మ్యాచ్‌కి నువ్వు రావొద్దు" అంది.

రాకుండా ఎలా ఉంటాను? ఆ జట్టుకి కోచ్‌ని నేనే.

పల్నాడులో ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా చాలా ఏళ్లు ఆడపిల్లల చేత సాఫ్ట్‌బాల్ ఆడించాను. మా అమ్మాయి కూడా అక్కడే చదివింది. ఈ పని చేసే ఎవర్ని కదిపినా చెప్పే కష్టాలు దాదాపు ఒకటే. మిరప కోతలు మొదలైతే సగం జట్టు చేలల్లో ఉంటుంది. మిగిలిన సగంలో ఇద్దరు ముందురోజు కోతకి పోయొచ్చి, చేతులు మంటలెత్తుతుంటే బంతి పట్టుకోలేరు, ఆ చేత్తో కన్ను తుడుచుకోలేరు. గ్రౌండు ఒకరోజు పెళ్లి టెంటుకి, ఒకరోజు మీటింగుకి పోతుంది. ఖాళీగా ఉన్న రోజున మగపిల్లల క్రికెట్టు. తొమ్మిది మంది ఆడే ఆటకి ఆరు గ్లోవులు. అందరికీ పిచ్చరే కావాలి, అవుట్‌ఫీల్డ్ ఎవరికీ వద్దు. మ్యాచ్ రోజున గోడ మీద కూర్చున్న నాన్నలు అంపైర్ని తిడతారు, కూతుర్ని తిడతారు, చివరికి నన్ను తిడతారు. "మేడం కూతురు కాబట్టి మేడం కూతురే ఆడుద్ది" అన్న మాట నా వెనకాల ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. అది పూర్తిగా అబద్ధమని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇవి ఎక్కడైనా ఉండే చిరాకులేనని చాలాకాలం అనుకున్నాను. జట్టుని నడిపే వాళ్లకీ, పిల్లల్ని కన్నవాళ్లకీ మధ్య ఈ గొడవ ప్రపంచమంతా ఉంది. కానీ మా గ్రౌండులో ఈ చిరాకులన్నిటి కింద ఇంకో ప్రశ్న ఎప్పుడూ ఉండేది. పిల్లని పంపమని ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది అదే. "ఇది ఆడితే ఏమొస్తది మేడం?"

ఊరి చివర బీడులో సాయంత్రం క్రికెట్ ఆడే మగపిల్లల్ని ఎవరూ ఆ మాట అడగరు. వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది మామూలుగా ఆడతారు. కొందరు మరీ ఘోరంగా ఆడతారు. అయినా పెళ్లై పిల్లలు పుట్టాక కూడా ఆదివారం బ్యాటు పట్టుకుని వెళ్తారు. ఆటకి వాళ్లు ఏ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆడపిల్ల ఆడాలంటే మాత్రం సర్టిఫికెట్ రావాలి, మెడల్ రావాలి, స్పోర్ట్స్ కోటాలో సీటు రావాలి. ఏదీ రాకపోతే ఆమె గ్రౌండులో ఎందుకున్నట్టు? బాగా ఆడే ఆడపిల్లకైతే కాస్త చోటు దొరుకుతోంది. బాగా ఆడని ఆడపిల్లకి ఎక్కడా చోటు లేదు.

ఆడపిల్ల ఎప్పటికైనా 'ఆడ' పిల్లే గాని 'ఈడ' పిల్ల కాదంటారు. ఆ 'ఆడ'లో ఆడుకోవడం కూడా ఉందని ఎవరికీ గుర్తు రాదు.

మా చిన్నప్పటి ఆటలు తలుచుకోండి. తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు, వామనగుంటలు, ఒప్పులకుప్ప. అన్నీ వాకిట్లోనో వసారాలోనో, అమ్మ పిలిస్తే వినపడేంత దూరంలో ఆడేవే. బిళ్ల వేస్తే నాలుగు గళ్ల అవతల పడుతుంది. అచ్చనగాయ ఎగరేస్తే మన ఒళ్లోకే వస్తుంది. మగపిల్లల బిళ్లంగోడులో బిళ్ల ఎంత దూరం పోతే అంత గొప్ప. ఆ బిళ్ల కోసం వాళ్లు వీధంతా పరిగెత్తేవాళ్లు. ఆరో తరగతి పిల్ల చేతికి మొదటిసారి బంతి ఇచ్చి విసరమంటే మోచెయ్యి దగ్గర్నించి మాత్రమే విసురుతుంది. భుజం కదలదు, నడుం తిరగదు, కాలు ముందుకి పడదు. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటారు. ఆడపిల్ల అలా విసరడానికి కారణం ఆమె ఎముకల్లో లేదనీ, తన చుట్టూ ఉన్న జాగా తనది కాదని ఆమె ఒళ్లు నేర్చుకోవడంలో ఉందనీ ఆవిడ వాదన. చెయ్యగలను అనే ఒళ్లే అదే క్షణంలో చెయ్యలేను అని తనని తాను వెనక్కి లాక్కుంటుంది. నేను ఆ వ్యాసం చదివేనాటికే గ్రౌండులో రోజూ దాన్ని చూస్తున్నాను. ఆ పిల్లకి కాలు ముందుకి వెయ్యడం నేర్పడానికి మూడు వారాలు పడుతుంది. వేసిన రోజున బంతి ఎంత దూరం పోయిందో చూసి ఆ పిల్లే నిర్ఘాంతపోతుంది.

సాఫ్ట్‌బాల్ అన్న పేరులోనే మోసం ఉంది. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న ఈ బంతి క్రికెట్ బంతి కంటే పెద్దది, బరువైనది. మెత్తగా అసలే ఉండదు. పిచ్చర్ చెయ్యి భుజం పైనించి కాకుండా కిందనించి తిప్పి విసురుతుంది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. ఏడు ఇన్నింగ్స్. 1887లో చికాగోలో మొదలైనప్పుడు దీన్ని ఆడింది మగవాళ్లే, నాలుగు గోడల మధ్య. తర్వాత ఇది ఆడవాళ్లకి 'తగిన' ఆట అయింది. 1972లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో మరియా పెపె అనే పిల్ల లిటిల్ లీగ్ జట్టులో చేరి మూడు మ్యాచ్‌లు ఆడాక, ఆడపిల్ల కాబట్టి తీసేశారు. కేసు నడిచింది. 1974లో లిటిల్ లీగ్ ఆడపిల్లలకి తలుపు తెరిచింది. అదే ఏడాది ఆడపిల్లల కోసం విడిగా సాఫ్ట్‌బాల్ కూడా మొదలుపెట్టింది. తలుపు తెరుస్తూనే పక్కన ఇంకో గది చూపించడమన్న మాట. ఒలింపిక్స్‌లోనూ అంతే. 1996 నించి 2008 దాకా ఉంది, తీసేశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పెట్టారు, 2024 పారిస్‌లో మళ్లీ లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌కి మళ్లీ పెడుతున్నారు. ఆడవాళ్ల ఆటకి ఒలింపిక్స్‌లో కూడా ఎప్పటికప్పుడు సంజాయిషీ చెప్పుకోక తప్పడం లేదు.

ఇంతవరకూ తప్పు లోకానిది. ఇక నా తప్పు చెబుతాను.

ఒక అమ్మాయి ఎనిమిదో తరగతిలో జట్టులో చేరింది. రెండేళ్లు ఒక్క రోజు మానలేదు. అందరికంటే ముందొచ్చి సున్నంతో గీతలు వేసేది. కిట్‌బ్యాగు మోసేది. కానీ బంతి వస్తుంటే కళ్లు మూసుకునేది. ఎంత నేర్పినా ఆ భయం పోలేదు. రెండేళ్లూ రిజర్వులోనే ఉంచాను. ఒకరోజు వాళ్లమ్మ కూలి నించి నేరుగా స్కూలుకొచ్చింది. కొంగుకి మిరప ఘాటు ఇంకా అలాగే ఉంది. "అమ్మా, మా పిల్లని ఒక్క ఆట ఆడించండమ్మా. ఆడేటప్పుడు ఫోటో తీసియ్యండి. వాళ్ల నాయనకి చూపిస్తా. లేకపోతే మానిపిచ్చేటట్టున్నాడు" అంది. ఫోటో కోసం జట్టులోకి తీసుకోలేనని చెప్పాను. బాగా ఆడినవాళ్లకే అవకాశమని, అందరికీ ఒకటే న్యాయమని చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఆ సాయంత్రం నా మీద నాకు గౌరవం కూడా కలిగింది.

ఆ అమ్మాయి ఆ నెలాఖరుకి గ్రౌండుకి రావడం మానేసింది. పదో తరగతి తర్వాత చదువూ మానిపించారు. నాకు తెలిసేసరికి పెళ్లైపోయింది. పదహారేళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. ఆ అంకె నేను మీటింగుల్లో చాలాసార్లు చెప్పాను. అందులో ఒకరు మా కిట్‌బ్యాగు మోసిన పిల్ల.

ఒక్క మ్యాచ్ ఆడిస్తే ఆ పెళ్లి ఆగేదని నేను అనను. అలా అనుకోవడం కూడా నా ఆటకి నేను గొప్ప కట్టబెట్టుకోవడమే. నన్ను పట్టి పీడించింది వేరే సంగతి. ఆ తల్లి అడిగింది ఒక సంజాయిషీ కాయితం. ఇంట్లో మగవాడి ముందు పెట్టడానికి. నేను ఇచ్చిన జవాబేమిటి? నీ కూతురు ఇక్కడ ఉండాలంటే నాకూ సంజాయిషీ కావాలి, అది బాగా ఆడటం, అని. ఆ తండ్రీ నేనూ వేర్వేరు మాటలతో ఒకే ప్రశ్న అడిగాం. ఇది ఆడితే ఏమొస్తది?

బస్సులో మా అమ్మాయిని అడిగిందీ అదే. నేను చిన్నప్పుడు ఆడలేదు. పెద్దమనిషినయ్యాక స్కూల్లో కోకో కూడా మానిపించారు. వ్యాయామ విద్యలో చేరడానికి ఇంట్లో ఏడాది కొట్లాడాను. కాబట్టి నా కూతురు ఆడాలి. ఆడటం ఒక్కటే చాలదు, గెలవాలి. అది వదిలిన క్యాచ్ నాకు క్యాచ్‌లా కనపడలేదు. నేను ఇన్నేళ్లు చేసిన వాదన చేజారినట్టనిపించింది. స్త్రీవాదం చదువుకున్న తల్లిని కదా, నా పట్టుదలకి మంచి పేరే దొరికింది. కూతుర్ని గడప దాటనివ్వని తల్లికి ఆ పేరు దొరకదు. కానీ పన్నెండేళ్ల పిల్లకి ఆ రెండు పట్టుదలల మధ్య తేడా ఎంత తెలుస్తుంది? రెండింటిలోనూ తన ఒళ్లు తనది కాదు.

మా పల్నాడు కథే కోడిపందెంతో మొదలవుతుంది. 12వ శతాబ్దంలో మాచర్ల వాళ్లూ గురజాల వాళ్లూ కోళ్లని బరిలో దింపి, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని పందెం కట్టారు. గురజాల తరఫున మంత్రిగా నిలబడిన నాగమ్మ గెలిచింది. ఆడది గెలిచింది కాబట్టి మోసం చేసి గెలిచిందన్నారు, ఇప్పటికీ అంటారు. ఆవిడని ఆ నింద నించి బయటికి లాగే ప్రయత్నం స్త్రీవాదులు చేశారు, చెయ్యాలి కూడా. కానీ ఆ కథలో ఈ మధ్య నాకు ఎక్కువగా గుర్తొచ్చేది బాలచంద్రుడు. యుద్ధం మాట చెవిన పడకుండా దాచుకున్న కొడుకు. ఒక రోజు వీధిలో బొంగరాలాడుతుంటే బొంగరం ఒకామె కాలికి గుచ్చుకుంటుంది. మీవాళ్లంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె దెప్పుతుంది. ఆ ఒక్క మాటతో ఆట ఆగిపోతుంది. కారంపూడి రణరంగంలో అతను చచ్చిపోతాడు. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో ఆ వీరులకి ఉత్సవాలు చేస్తాం. పందెం కట్టింది పెద్దవాళ్లు. కోడికి పందెం సంగతి తెలియదు. బొంగరం ఆడుకునే పిల్లవాడికీ తెలియదు. తీర్చింది మాత్రం వాళ్లే.

నేను ఆడపిల్లల విముక్తిని మా అమ్మాయి గ్లోవు మీద పందెం కట్టాను. పందెం మంచిదైనంత మాత్రాన పిల్ల పందెంకోడి కాకుండా పోతుందా?

ఇలా అంటే కొందరు స్నేహితులు కోప్పడతారని తెలుసు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తేకపోతే, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ తెలుగమ్మాయి అని మనం చెప్పుకోగలిగేవాళ్లమా? కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిందంటే వెనక తండ్రి అశోక్ శిక్షణ లేదా? 2025లో అండర్-19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష కోసం వాళ్ల నాన్న భద్రాచలం నించి సికింద్రాబాద్‌కి మకాం మార్చలేదా? నిజమే. ఆ తల్లిదండ్రుల శ్రమనీ, ఆ అమ్మాయిల శ్రమనీ నేను తక్కువ చెయ్యను. కానీ మనం ఆ కథల్ని ఎలా చెప్పుకుంటున్నామో చూడండి. పతకం వచ్చింది కాబట్టి ఆ శ్రమ త్యాగమైంది. అంతే శ్రమ పడి ఏ పతకమూ రాని ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ రాయరు. అక్కడ పిల్ల ఎన్నేళ్లు అమ్మానాన్నలకి బాకీ పడినట్టు బతికిందో తెలియదు. "మల్లీశ్వరిలా అవ్వాలి" అని పిల్లలకి నేనూ ఎన్నోసార్లు చెప్పాను. అది ధైర్యమిచ్చే మాటే. అవ్వలేని పిల్ల చెవికి అదే మాట ఎలా వినపడుతుందో ఆలోచించలేదు.

కిట్‌బ్యాగు పిల్ల పెళ్లి సంగతి తెలిశాక ఒక నియమం పెట్టాను. స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో వచ్చిన ప్రతి పిల్లా కనీసం ఒకసారి బ్యాటు పట్టాలి, కనీసం రెండు ఇన్నింగ్స్ ఫీల్డులో ఉండాలి. రూల్సు కూడా కొంత కలిసొచ్చాయి. సాఫ్ట్‌బాల్లో ఆట మొదలుపెట్టిన క్రీడాకారిణి బయటికి వెళ్లి, ఒకసారి మళ్లీ లోపలికి రావచ్చు. దాన్ని రీఎంట్రీ అంటారు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన రూలు అదే. పెళ్లికో, పురుడికో, మిరప కోతకో బయటికెళ్లిన ఆడదానికి ఇంకే ఆటలోనూ అది దొరకదు.

మొదటి మ్యాచే ఓడిపోయాం. గోడ మీది నాన్నలకి కోపమొచ్చింది, అది అలవాటే. నేను ఊహించనిది మా పిచ్చర్ కోపం. తండ్రి లేని పిల్ల. చెయ్యి తిప్పితే బంతి కనపడేది కాదు. కిట్ సర్దుతుంటే వచ్చి నిలబడి, "బాగా ఆడని వాళ్లకి ఆడే హక్కుంది సరే మేడం. బాగా ఆడేవాళ్లకి గెలిచే హక్కు లేదా? నాకు సెలెక్షన్ రాకపోతే హాస్టల్ సీటు రాదు. మీరు ఆటగా చూస్తారు. నాకు ఇది బువ్వ" అంది.

ఆ పిల్లకి నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. 'సరదాకి ఆడుకో' అని చెప్పగలగడం కూడా ఒక సౌకర్యమే. కడుపు నిండినవాళ్లకీ, జీతం వచ్చే తల్లి ఉన్నవాళ్లకీ ఉన్న సౌకర్యం. మా అమ్మాయికి ఉంది, ఆ పిల్లకి లేదు. ఆ పిల్ల గెలుపు మీద నేను పందెం కట్టలేదు, ఆ పిల్ల తన బతుకు మీద తనే కట్టుకుంది. ఆ రెండూ ఒకటి కాదని అప్పుడు అర్థమైంది. నడిమధ్యన ఒక దారి చూసుకున్నాం. జిల్లా పోటీలకీ, సెలెక్షన్లకీ బాగా ఆడేవాళ్లే. స్నేహపూర్వక మ్యాచ్‌లూ, రోజువారీ గ్రౌండూ మాత్రం అందరివీ. ప్రాక్టీసులో పిచ్చర్‌కి ఎంత టైమో, బంతికి కళ్లు మూసుకునే పిల్లకీ అంతే టైము. రెండు వైపులా కొంత అన్యాయం మిగిలే ఉంటుంది. ఎవరికి జరిగిన అన్యాయాన్ని వాళ్ల మొహం చూసి ఒప్పుకోవడం తప్ప దానికి మందు నాకు కనపడలేదు.

కానీ ఒక్కటి తెలుసుకున్నాను. పిల్ల ఎలా ఆడాలో, ఎంత ఆడాలో, ఎప్పుడు మానాలో పిల్లది. నాది గ్రౌండు. అది ఖాళీగా ఉండేట్టు చూడటం, మరుగుదొడ్డికి గడియ ఉండేట్టు చూడటం, పొద్దుగూకేలోపు ఇంటికి చేర్చడం, నెలసరి రోజున "ఇవాళ ఆడను" అంటే ఎందుకని అడగకపోవడం, "ఇవాళా ఆడతాను" అంటే కూడా అడగకపోవడం. పెద్దవాళ్ల కొట్లాట అక్కడ జరగాలి. మనం అది వదిలేసి స్కోరుబోర్డు పట్టుకుంటాం. ఎందుకంటే గ్రౌండు కోసం కొట్లాడాలంటే ఊరితో కొట్లాడాలి. స్కోరు కోసమైతే పిల్లని ఒక్కదాన్ని తిడితే చాలు.

మా అమ్మాయి ఇంటర్‌లో ఆట మానేసింది. బలవంతంగా కాదు, విసుగొచ్చి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. దాని ముందు ఏడవలేదు. అంతవరకే నేర్చుకోగలిగాను.

మొన్న సాయంత్రం గ్రౌండులో కొత్త పిల్లలు ఆడుతున్నారు. బంతి దొరకబుచ్చుకున్న పిల్ల కంగారులో రెండో బేస్‌కి విసరాల్సింది మూడో బేస్‌కి విసిరింది. అక్కడ ఎవరూ లేరు. బంతి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, విసిరిన పిల్లతో సహా. గోడ మీద కూర్చున్న ఒక నాన్న నన్ను అడిగాడు. "ఏం చేస్తన్నారు మేడం వీళ్లు?"

స్పోర్ట్స్ కోటా గురించి చెప్పొచ్చు. ఆరోగ్యం, ఆత్మవిశ్వాసం, సింధు, మల్లీశ్వరి... ఇన్నేళ్లుగా నోటికొచ్చిన జాబితా అంతా నాలిక చివర దాకా వచ్చింది.

"ఆడుకుంటున్నారండీ" అన్నాను.